వజన్ మోసేది కమాన్, షాకప్ కాదు

పికప్ బండికి షాకప్ పోయిందని తెలిశాక మనవాళ్లు దుకాణానికి వెళ్లి అడిగే మొదటి మాట, "భాయ్, బాగా లోడు ఆపేది ఇవ్వు." ఆ అడగడంలోనే గల్తీ ఉంది. దుకాణదారు దాన్ని సరిచేయడు. ఎందుకు చేస్తాడు? డబ్బా మీద పెద్దక్షరాలతో 'హెవీ డ్యూటీ' అని రాసున్న జతని కౌంటర్ మీద పెడతాడు, కాస్త ఎక్కువ రేటు చెప్తాడు, ఇద్దరూ ఖుషీ. బండి మాత్రం కొన్నాళ్లకే మళ్లీ ఎగరడం మొదలుపెడుతుంది.

షాక్ అబ్జార్బర్ అనే మాట మన షెడ్లలో నోళ్లలో పడి నలిగి షాకప్ అయింది. నేనూ అట్లాగే రాస్తాను. బొలేరో పికప్, దోస్త్, టాటా ఏస్... మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్ల రోజీ ఈ బండ్ల మీద నడుస్తుందో లెక్కలేదు. డ్రైవర్ మనవాడు, కమాన్ కట్టే మిస్త్రీ మనవాడు, షెడ్డులో గ్రీజు పూసే పిల్లవాడు మనవాడు. అందుకే ఒక ఇనప గొట్టం గురించి ఇంత పొడుగు రాయాల్సి వస్తోంది.

మా మామూ నల్లగొండ బయట హైవే పక్కన ముప్పై ఏళ్లు షెడ్డు నడిపాడు. "లోడు ఆపేది" అన్న మాట విన్నప్పుడల్లా ఆయన పాన చేతిలో పట్టుకునే అనేవాడు: "షాకప్ వజన్ నై ఉఠాతా మియా, కమాన్ ఉఠాతా." కావాలంటే చూడండి. బండి ఆపి, వెనక రెండు షాకప్‌లూ విప్పి పక్కన పెట్టండి. బండి కిందికి దిగదు. లోడు ఎంత ఉన్నా అట్లాగే నిలబడుతుంది. ఎందుకంటే ఆ బరువు మొత్తం కమాన్ పట్టీల మీద ఉంది. కమాన్ అంటే ఫార్సీలో విల్లు. విల్లు వంగుతుంది, వదిలితే తిరిగి కొడుతుంది. గుంతలో పడ్డప్పుడు కమాన్ వంగి ఆ దెబ్బని తనలో దాచుకుంటుంది. దాచుకున్నదాన్ని మళ్లీ పైకి తంతుంది. ఒకసారి తన్ని ఊరుకోదు, నాలుగైదు సార్లు ఊగుతుంది. ఆ ఊగడాన్ని మొదటిసారికే పట్టుకుని ఆపడం షాకప్ పని. లోపల నూనె ఉంటుంది, సన్నటి రంధ్రాలున్న పిస్టన్ ఉంటుంది. చక్రం కదిలినప్పుడు ఆ రంధ్రాల్లోంచి నూనె కష్టంగా దూరుతుంది, ఆ కష్టంలో ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది. ఇంతే కథ. మూసుకునేటప్పటి కంటే తెరుచుకునేటప్పుడు గట్టిగా పట్టేట్టు దాన్ని తయారు చేస్తారు, కమాన్ తన్నేది అప్పుడే కాబట్టి.

అయితే కమాన్ బండికి షాకప్ లేకున్నా నడుస్తుందని పాతకాలం డ్రైవర్లు అంటారు. అందులో కొంచెం నిజం ఉంది. పట్టీ మీద పట్టీ రాసుకుంటుంటే ఆ రాపిడే కొంత ఊపుని తింటుంది. ఎడ్లబండి కాలం వేగానికి అది సరిపోయేది. ఎనభైలో పోయే బండికి సరిపోదు. పైగా పట్టీల మధ్య తుప్పు, దుమ్ము పేరుకుంటే ఒకరోజు ఎక్కువ రాసుకుంటాయి, గ్రీజు పెడితే మరునాడు తక్కువ రాసుకుంటాయి. దాని మీద భరోసా పెట్టి జాన్ అప్పజెప్పలేం.

అసలు తకరార్ అదనపు పట్టీ దగ్గర వస్తుంది. కంపెనీ 1.3 టన్నులు అని ఇచ్చిన బండిలో రెండు, రెండున్నర టన్నులు ఎక్కించాలంటే ఏం చేస్తారు? కమాన్ షెడ్డుకి పోయి రెండు పట్టీలు ఎక్కువ వేయిస్తారు, ఉన్న పట్టీలకి సుత్తితో కొట్టించి వంపు పెంచుతారు. బండి వెనక భాగం లేచి నిలబడుతుంది. చూడ్డానికి షాన్‌గా ఉంటుంది. షాకప్ సంగతి ఎవరికీ యాద్ రాదు. ఇప్పుడు ఏమైంది? కమాన్ గట్టిపడింది కాబట్టి ఇంకా గట్టిగా తంతుంది. దాన్ని ఆపాల్సిన షాకప్ పాతదే, పాత కమాన్ లెక్కకి తయారైనదే. ఇంకోటి, వెనక భాగం రెండంగుళాలు లేస్తే ఖాళీ బండిలో షాకప్ ముందే సగానికి పైగా సాగి ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ దాటాక చక్రం కిందికి వేలాడగానే అది పూర్తిగా తెరుచుకుని, ఇంక సాగే జాగా లేక, పైనా కిందా ఉన్న కన్నుల దగ్గర గుంజుకుంటుంది. బుష్ నలిగిపోతుంది, సీల్ తెగుతుంది, ఒక్కోసారి కన్నే ఊడి వస్తుంది. అప్పుడు "కంపెనీ మాల్ ఖరాబ్ వస్తోంది" అని తిట్టుకుంటూ ఇంకో జత కొంటారు. జత మీద జత కొంటారు. జవాబు ఛాసిస్ కింద ఉంది, వంగి చూసేవాడు లేడు.

2019లో మోటారు వాహన చట్టం మార్చాక ఎక్కువ లోడుకి జుర్మానా ఇరవై వేలు, పైన ప్రతి అదనపు టన్నుకీ రెండు వేలు అని రాశారు. కాగితం మీద అది పెద్ద రకమే. కానీ నాకు జుర్మానా కంటే ఫికర్ వేరే ఉంది. లోడు దించాక ఖాళీగా తిరిగొచ్చే బండి ఎక్కువ ప్రమాదం. గట్టి కమాన్, పోయిన షాకప్, వెనక బరువు లేదు. గతుకుల మీద బ్రేక్ కొడితే వెనక చక్రాలు నేల మీద నిలబడవు, ఎగురుతుంటాయి. నేల తాకని చక్రానికి ఎంత మంచి బ్రేక్ ఉన్నా ఏం ఫాయిదా? వాన పడి రోడ్డు తడిగా ఉంటే చెప్పనే అక్కర్లేదు. ఆ ఖాళీ బండి వెనకే సాయంత్రం మిర్చి చేలనుంచి, పత్తి చేలనుంచి కూలీ ఆడవాళ్లని ఎక్కించుకొస్తారు. జాన్‌పహాడ్ ఉర్స్ వస్తే ముసలివాళ్లనీ పిల్లల్నీ తివాచీ పరిచి కూర్చోబెట్టి తీసుకుపోతారు. సామాన్ల బండిలో మనుషుల్ని ఎక్కించడం కానూన్ ఒప్పుకోదని అందరికీ తెలుసు. ఊరికి బస్సు లేని చోట ఆ కానూన్ ఎవరికీ వినపడదని కూడా అందరికీ తెలుసు. అందుకే అంటున్నాను, షాకప్ అనేది సుఖం కోసం పెట్టిన చీజ్ కాదు. అది బ్రేకుకి తోడబుట్టింది.

ఇంకా డ్రైవర్ సంగతి. బండి సేఠ్‌ది, నడుము డ్రైవర్‌ది. టైరు అరిగితే సేఠ్ కొత్తది వేయిస్తాడు, ఎందుకంటే టైరు పేలితే లోడు ఆగిపోతుంది, కిరాయి పోతుంది. షాకప్ పోతే బండి ఆగదు. నడుస్తూనే ఉంటుంది. నుఖ్సాన్ మొత్తం సీట్లో కూర్చున్నవాడి వెన్నులోకి పోతుంది. రోజూ గంటల తరబడి ఒళ్లంతా అదిరితే నడుము కింది భాగం దెబ్బతింటుందని డాక్టర్లు ఎప్పటినుంచో చెప్తున్నారు. నలభై దాటకుండానే నమాజ్‌లో సజ్దా నుంచి లేవడానికి నేల మీద చెయ్యి ఆనించే డ్రైవర్లని మన మస్జిదుల్లో చూడటంలేదా? ఒక అన్సారీ తోటలో ఒంటె ప్రవక్త (స) వారిని చూసి కన్నీళ్లు పెట్టుకున్నదనీ, ఆయన దాని తల నిమిరి, ఆకలితో ఉంచి అలసిపోయేట్టు పని చేయిస్తున్నావని దాని యజమానిని నిలదీశారనీ రివాయత్ ఉంది. జుమ్మా బయాన్‌లో చాలాసార్లు విన్నాం. విని బయటికొచ్చి, బండి కీ డ్రైవర్ చేతిలో పెట్టి, "ఈ ఒక్క సీజన్ నడిపియ్, బత్తాయి అయిపోయినంక చూద్దాం" అనే సేఠ్‌లూ మనలో ఉన్నారు. నోరున్న మనిషి అడిగినా వినపడదు.

సరే, కొనే విషయానికి వద్దాం. ముందు పోయిందో లేదో తెలియాలి. కారుకి చేసినట్టు బంపర్ నొక్కి వదిలి చూడటం పికప్‌కి పనికిరాదు. కమాన్ అంత సులువుగా వంగదు. మా మామూ తరీఖా ఒకటుంది. బండిని నాలుగైదు కిలోమీటర్లు గతుకుల రోడ్డు మీద తిప్పి తెచ్చి ఆపి, సైలెన్సర్ జోలికి పోకుండా, నాలుగు షాకప్‌ల గొట్టాల్నీ వేలితో మెల్లగా తాకి చూసేవాడు. పని చేసేది వెచ్చగా ఉంటుంది, ఎందుకంటే ఊపుని వేడి చేయడమే దాని పని. మిగతావి వెచ్చగా ఉండి ఒకటి చల్లగా ఉంటే అది మయ్యత్. గొట్టం మీద నూనె కారిన జాడ, దానికి దుమ్ము అతుక్కుని నల్లటి పేస్టు లాగా తయారవడం ఇంకో గుర్తు. పైన కొంచెం చెమ్మ మాత్రమే ఉంటే ఘబ్రాయించక్కర్లేదు. రాడ్ మీది సన్నటి నూనె పొర సీల్ దగ్గర ఆ మాత్రం చెమర్చుతుంది. టైరు మీద అరచెయ్యి పెట్టి తడమండి. ఒకచోట అరిగి, ఒకచోట లేచి, అలలు అలలుగా తగిలితే ఆ చక్రం చాలాకాలంగా ఎగురుతోందని అర్థం.

ఇక ఏది కొనాలి? నా రాయ్ సాఫ్‌గా చెప్తాను. కమాన్ కంపెనీ ఇచ్చినట్టే ఉంటే, కంపెనీ ఇచ్చిన నంబర్ షాకప్పే కొనండి. దానికి మించినది వెతకొద్దు. ఆ బండి బరువు, ఆ కమాన్ గట్టిదనం, ఆ చక్రం ఎంత పైకీ కిందికీ తిరుగుతుందో అన్నీ లెక్కేసి ఆ నంబర్ ఇచ్చారు. 'హెవీ డ్యూటీ' అన్న మాటకి ఒక కొలత లేదు. ఒకరికి గొట్టం లావు, ఒకరికి నూనె చిక్కదనం, ఇంకొకరికి డబ్బా మీది రంగు. అవసరానికి మించి గట్టిగా ఉండే షాకప్ వేస్తే ఖాళీ బండి రాయి లాగా అవుతుంది, ప్రతి గుంత దెబ్బా ఛాసిస్‌కి, కోడిగుడ్ల ట్రేలకి, డ్రైవర్ దవడకి చేరుతుంది.

కమాన్‌కి పట్టీలు పెంచిన బండి అయితే ముందు పోయి కాంటా వేయించండి. మామూలుగా ఎంత లోడు వేస్తారో అంత లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి. చాలామందికి తమ బండి వజన్ అందాజ్‌గా తప్ప తెలియదు. పట్టీలు తీయించి కంపెనీ లెక్కకి తేవడం అన్నిటికంటే మంచిది, అది చెప్తే కోపం వస్తుందని తెలుసు. అది చేయనంటారా, కనీసం పొడవు కొలవండి. ఖాళీ బండిలో పై బోల్టు నుంచి కింది బోల్టు దాకా ఎంత ఉందో మిల్లీమీటర్లలో టేపు పెట్టి చూడండి. కొనే షాకప్ పూర్తిగా సాగితే ఎంత, పూర్తిగా మూసుకుంటే ఎంత, అదీ చూడండి. ఖాళీ బండి కొలత ఆ రెండిటి మధ్య ఉండి, అటూ ఇటూ జాగా మిగలాలి. లోడుతో బండి దిగినప్పుడు షాకప్ కంటే ముందు బంప్ రబ్బరే దెబ్బ తీసుకోవాలి. ఈ కొలత అడిగితే మొహం చిట్లించే దుకాణంలో కొనకండి.

నూనెదా, గ్యాస్‌దా అన్న బహస్ షెడ్లలో చాయ్ తాగినంతసేపు నడుస్తుంది. గ్యాస్ అంటే బండిని లేపేది అనుకుంటారు. లేపదు. రెండు గొట్టాల షాకప్‌లో కొద్దిపాటి ఒత్తిడితో నత్రజని నింపుతారు, నూనె నురగ కాకుండా ఉండటానికి. గతుకుల రోడ్డు మీద ఆపకుండా గంటసేపు పోతే మామూలు దాంట్లో నూనె నురగై పట్టు తగ్గుతుంది. రోజంతా క్వారీ రోడ్లూ, తాండా రోడ్లూ తిరిగే బండికి గ్యాస్‌ది ఫాయిదా. మార్కెట్‌కీ ఊరికీ మధ్య తారు రోడ్డు మీద తిరిగే బండికి నూనెది చాలు. ఒకే గొట్టం ఉండే ఖరీదైన రకం ఒకటుంది, వేడిని తొందరగా వదిలేస్తుంది, నిజమే. కానీ దాని గొట్టానికి ఒక రాయి తగిలి సొట్ట పడితే లోపల పిస్టన్ అక్కడే ఇరుక్కుంటుంది. మన రోడ్ల కింద ఎగిరే కంకరకి అది తగదు. ఏది కొన్నా జతగా కొనండి. ఎడమది కొత్తది, కుడిది పాతది అయితే బండి ఒక పక్కకే మాట వింటుంది.

పేర్ల గురించి ఒక ముచ్చట. మన దేశంలో 1961 నుంచీ షాకప్‌లు చేస్తున్న గేబ్రియల్ పేరు పెద్దవాళ్ల నోట అచ్చం 'జిబ్రయీల్' లాగానే పలికేది, మా మామూకి ఆ డబ్బాని కాలితో జరిపితే కోపం వచ్చేది. ఆ పేరు వెనక కథ తర్వాత తెలిసింది. అమెరికాలో క్లీవ్‌లాండ్ ఊళ్లో క్లాడ్ ఫాస్టర్ అనే ఆయన మొదట కార్లకి హారన్ తయారు చేసి దానికి గేబ్రియల్ అని పేరు పెట్టాడు. క్రైస్తవుల నమ్మకంలో చివరి దినాన బూర ఊదేది గేబ్రియల్. మనకైతే సూర్ ఊదేది ఇస్రాఫీల్. హారన్ తర్వాతే ఆయన షాకప్‌లలోకి వచ్చాడు. మామూ కోపం అట్లా సగం సరైనదే.

ఇప్పుడు నఖ్లీ మాల్. సికింద్రాబాద్ రాణిగంజ్ పోండి, విజయవాడ ఆటోనగర్ పోండి, ఢిల్లీ కశ్మీరీ గేట్ పోండి, అస్లీ పక్కనే నఖ్లీ కూర్చుని ఉంటుంది. పూర్తి నఖ్లీ కంటే ఖతర్నాక్ మాల్ ఇంకోటుంది: చచ్చిపోయిన పాత షాకప్‌ని తెచ్చి, సీల్ మార్చి, ఏదో నూనె పోసి, మీద నల్లరంగు కొట్టి డబ్బాలో పెట్టేది. మా తమ్ముడి బండికి ఒక దుకాణంలో అట్లాంటి జత అంటగట్టారు, కొత్త దాని రేటుకే. రెండో వానకే రంగు లేచి కింద పాత తుప్పు కనపడింది. బిల్లు లేదు కాబట్టి దుకాణదారు మనిషినే గుర్తుపట్టలేదు. బజారులో ధాన్యం కుప్ప లోపలికి చెయ్యి పెట్టి, పైకి పొడిగా ఉన్నదాని కింద తడిని బయటపెట్టిన రివాయత్ మన కారోబార్ వాళ్లకి నేర్పకుండానే కంఠస్థం. రంగు వేసిన షాకప్ అచ్చంగా ఆ తడి ధాన్యమే. దాన్ని అమ్మి వచ్చిన పైసాతో ఇఫ్తార్ పెట్టినా బర్కత్ ఎట్లా వస్తుందో నాకు అర్థం కాదు.

కొనేటప్పుడు మీరూ చెయ్యి పెట్టి చూడండి. రాడ్ పూర్తిగా బయటికి లాగి వెలుతురులో తిప్పండి, అద్దంలా ఉండాలి, గీత గానీ చుక్క తుప్పు గానీ ఉండకూడదు. రబ్బర్ బుష్ మీద రంగు చిమ్మి ఉంటే విప్పకుండా రంగు కొట్టారన్నమాట. గొట్టం మీద చెక్కిన నంబర్ రంగు కింద పూడిపోయి ఉంటే వాపస్ ఇచ్చేయండి. పక్కా బిల్లు తీసుకోండి. బిల్లు లేకపోతే తక్కువకి ఇస్తామనేవాడు ఆ తగ్గింపు ఎక్కడినుంచి తెస్తున్నాడో అడగండి.

షెడ్డు ఉస్తాద్‌ల మీద ఒక మాట. "మెకానిక్‌లంతా కమీషన్ తింటారు" అనడం ఆసాన్. తినేవాళ్లు ఉన్నారు. కానీ పదేళ్ల వయసులో బడి మానేసి షాగిర్ద్‌గా చేరి, చేతివేళ్లతోనే ఇల్మ్ నేర్చుకున్న ఆ మనిషికి ఎవరు ఏ సర్టిఫికెట్ ఇచ్చారు? కంపెనీ షోరూంలో కంప్యూటర్ చూసి చెప్పేవాడికి ఇచ్చే కూలీ ఇక్కడ అడిగితే బేరం చేస్తాం. అరగంట పనికి వంద తగ్గించి, ఆ వందకి ఆయన రాడ్‌ని పట్టకారుతో పట్టుకుని తిప్పేశాడని తర్వాత ఏడుస్తాం. రాడ్ మీద పట్టకారు పన్ను గీత పడితే ఆ గీత ప్రతిసారీ సీల్‌ని కోస్తుంది. హునర్ ఉన్న ఉస్తాద్ బిగించే ముందు కొత్త షాకప్‌ని నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు సాగదీసి మూస్తాడు, అడ్డంగా పడుకోబెట్టి ఉంచినప్పుడు లోపలికి చేరిన గాలి పోవడానికి. బోల్టుల ఆఖరి బిగింపు బండి జాకీ మీద ఉన్నప్పుడు చేయడు, నాలుగు చక్రాలూ నేల మీద ఆని బరువు పడ్డాక చేస్తాడు, లేకపోతే రబ్బర్ బుష్ మెలి తిరిగి ఉండి తొందరగా చిరుగుతుంది. ఈ రెండు పనులు చేసే మనిషి మీ ఊళ్లో ఉంటే ఆయన అడిగినంత ఇవ్వండి, బేరం వద్దు.

కిస్తీ కట్టాలి, డీజిల్ కొట్టించాలి, పిల్లల ఫీజులు ఉన్నాయి, ఇప్పుడు షాకప్‌లా అంటారు. హిసాబ్ చేద్దాం. మామూలుగా ఒక జత షాకప్‌ల ఖర్చు ఒక కొత్త టైరు ధరకి లోపే. అలలుగా అరిగిన టైరు తన ఉమర్ సగంలోనే పోతే ఆ పైసా ఎటూ పోయినట్టే. అదీకాక ఎగిరే బండిలో టమాటా కింది పెట్టెలో రసమవుతుంది, మార్కెట్లో ఆ రసానికి రేటు కట్టేవాడు లేడు. సేఠ్‌తో మాట్లాడేటప్పుడు డ్రైవర్ భాయ్‌లు నడుము నొప్పి గురించి చెప్పకండి, టైరు చూపించండి, పగిలిన గుడ్ల ట్రే చూపించండి. సేఠ్‌లకి ఆ జుబాన్ తొందరగా అర్థమవుతుంది.

కొత్త జత వేయించాక పాతవాటిని షెడ్డులోనే వదిలి రాకండి. గ్యాస్ రకం గొట్టాన్ని కోయడం, కాల్చడం చేయొద్దు, పేలుతుంది. రాడ్ ఒక్కటి బయటికి లాగి, మీద సుత్తితో నాలుగు సొట్టలు పెట్టించి, అప్పుడు పాత ఇనుము వాడికి కిలోల లెక్కన వేసేయండి. సొట్ట పడ్డ రాడ్‌కి కొత్త సీల్ నిలవదు, రంగు కొట్టేవాడు దాన్ని ముట్టుకోడు.